కొబ్బరిముక్క కింది మచ్చ

గొంతులోకి గొట్టం దించే రోజును పండగ చేసుకునే మనిషిని మీరెక్కడైనా చూశారా? కోడుమూరులో ఒకావిడ ఉండేది. పేరు ఉదయశ్రీ. బజారులో గాజులు, రిబ్బన్లు, పిన్నీసులు అమ్మే అంగడి వాళ్ళది. బోర్డు మీద భర్త రాఘవేంద్రప్రసాద్ పేరున్న మాట నిజమేగాని, గల్లాపెట్టె దగ్గర కూర్చునేది, వచ్చినవాళ్ళను నవ్వించేది, బేరం కుదరక అలిగిపోయేవాళ్ళను వెనక్కి పిలిచేది అంతా ఉదయశ్రీయే. ఆయన మరీ మెతక. గాజులు తొడిగేటప్పుడు అవతలి చెయ్యి ఎక్కడ నొప్పి పుడుతుందోనని ఒక సైజు పెద్దవే తొడిగి పంపేవాడు.

ఆమె తిండిగొట్టం నాలుగేళ్ళ వయసులోనే కాలిపోయింది. పుట్టిల్లు కోయిలకుంట్ల. నాయన కేశవులు అంగడి వెనక వసారాలో బట్టలసబ్బు తయారుచేసి అమ్మేవాడు. సబ్బుకు కాస్టిక్ సోడా నీళ్ళు కావాలి. ఆ నీళ్ళు సత్తుగిన్నెలో పోస్తే గిన్నెనే తినేస్తాయి. అందుకని తల్లి వెంకటలక్ష్మమ్మ పింగాణి గిన్నెలో కలిపి గట్టు మీద పెట్టి, నూనె తేవడానికి లోపలికి వెళ్ళింది. ఎండలో ఆడుకుని వచ్చిన పిల్ల మంచినీళ్ళే అనుకుంది. ఒక్క గుక్క మింగింది. ఆ గుక్క కాల్చినచోట పుండు మానింది గాని, మచ్చ బిగుసుకుపోయి గొట్టం సన్నబడింది.

ఇక అప్పటినుంచి ఆమెది జారుడు తిండే. సంగటిని పప్పునీళ్ళలో పలచగా కలుపుకోవాలి, రొట్టెను పాలలో నానబెట్టుకోవాలి. పెళ్ళి భోజనాల్లో బంతి మొత్తం లేచిపోయినా ఈమె ఒక్కతే విస్తరి ముందు కూర్చుని, వడ్డించేవాళ్ళతో కబుర్లాడుతూ, మెతుకు మెతుకూ దించుకునేది. అయ్యో పాపం అని ఎవరైనా నోరు జారితే మాత్రం ఒంటికాలి మీద లేచేది.

ఏడాదికి రెండుసార్లు కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్ళి ఆ ఇరుకును సాగదీయించుకోవాలి. ఒకదానికంటే ఒకటి లావైన గొట్టాలు గొంతులోకి దించుతారు. వింటేనే మనం చెవులు మూసుకుంటాం గదా! ఉదయశ్రీకి మాత్రం అది వేడుక. ఎందుకంటే ఆ తర్వాత కొన్నాళ్ళపాటు దోసె ముక్క కూడా దిగుతుంది. అందుకే ఆ రోజు పట్టుచీర కట్టేది, మల్లెలు పెట్టేది, తొలి బస్సు ఇంకా రాకముందే రోడ్డు మీద నిలబడి భర్తను తొందరపెట్టేది.

2006లో ఆ ఆసుపత్రికి కృపమణి అనే కొత్త డాక్టరమ్మ వచ్చింది. వయసులో చిన్నది, ఉదయశ్రీని అక్కా అని పిలిచేది. పాత కాగితాలు చూసి ఆమె ముఖం వెలిగిపోయింది.

"అక్కా, మీలాంటి వాళ్ళ కోసమే నేను వెతుకుతున్నాను."

"నాలాంటోళ్ళు యాడ దొరుకుతారు మేడం? కోడుమూర్లో నేనొక్కదాన్నే!" అంది ఉదయశ్రీ, అదేదో పోటీలో గెలిచినట్టు.

డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. చిన్నప్పుడు కాస్టిక్ మింగినవాళ్ళకు, ముప్పై నలభై ఏళ్ళు గడిచాక, ఆ మచ్చ దగ్గరే క్యాన్సర్ వచ్చే ప్రమాదం మిగతావాళ్ళకంటే చాలా ఎక్కువ. అందరికీ రాదు. ఎవరికి వస్తుందో ముందుగా తెలుసుకునే దారి కోసం వాళ్ళు పరిశోధన చేస్తున్నారు.

"మన కణాల్లో పి53 అని ఒక కాపలా ప్రోటీన్ ఉంటుందక్కా. పాడైన కణాన్ని పెరగనివ్వకుండా ఆపడం దాని పని. మామూలుగా అది ఎప్పటికప్పుడు కరిగిపోతుంది కాబట్టి కంటికి ఆనదు. అదే చెడిపోయిందనుకోండి, కరగకుండా కణంలో పోగుపడుతుంది. రంగువేసి చూస్తే గోధుమరంగులో బయటపడుతుంది. గొట్టం వేసినప్పుడు మీ మచ్చ దగ్గర రవ్వంత ముక్కలు తీసుకుని చూస్తాం. ఒప్పుకుంటారా?"

"అంటే దొంగ ఇంట్లో దూరకముందే తెలిసిపోతాదా?"

"తెలియొచ్చు. ఖాయంగా చెప్పలేను. చెప్పగలిగితే ఇంక పరిశోధన ఎందుకు?"

భయపడాల్సిన మాటే. ఉదయశ్రీకి మాత్రం ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళుగా ఈ గొంతు వల్ల తనకు బాధే తప్ప ఎవరికీ పైసా ఉపయోగం లేదు. ఇప్పుడు దాన్ని చూసి నేర్చుకుంటామని ఒక డాక్టరే అడుగుతోంది! ఆ వారమంతా అంగడికి వచ్చిన ఏ ఆడమనిషికీ పి53 సంగతి చెప్పకుండా గాజులు చేతికివ్వలేదు. రాఘవేంద్రప్రసాద్ స్టూలు మీద కూర్చుని నెత్తి పట్టుకున్నాడు.

ఇక గొట్టం రోజు వచ్చింది. తల్లి వెంకటలక్ష్మమ్మ ముందురోజే మహానందికి పోయి, స్వామికి టెంకాయ కొట్టించి, తెల్లారకముందే బస్సెక్కి ప్రసాదంతో నేరుగా ఆసుపత్రికి వచ్చేసింది. వరండాలోనే కూతురి నుదుట కుంకుమ పెట్టి, గోరంత కొబ్బరిముక్క చేతిలో పెట్టింది.

పరగడుపున రావాలని డాక్టరమ్మ చెప్పలేదా అంటే, చెప్పింది. కానీ ఆ ఇంట్లో ప్రసాదాన్ని తిండి కింద ఎవరూ లెక్కపెట్టరు. ఉపవాసం ఉన్నరోజు కూడా కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటారు, ఉపవాసం చెడిందని ఎవరూ అనరు. ప్రసాదాన్ని కాదనడమైతే అసలే లేదు. బాగా నమిలి పిప్పి చేసి మింగుదామనే అనుకుంది ఉదయశ్రీ. ఇంతలో లోపలినుంచి నర్సు పేరు పిలిచింది. ఆ పిలుపుకు మన ఆవిడ కాలు నిలుస్తుందా? కొబ్బరిముక్కను అలాగే గుటుక్కున మింగి లోపలికి ఉరికింది.

"ఏమైనా తిన్నారా అక్కా?"

"లేదు మేడం, పచ్చి నీళ్ళు కూడా ముట్టలే." అబద్ధమాడానని ఆమెకు తోచనే లేదు.

గొంతుకు మందు చల్లి, కెమెరా ఉన్న గొట్టం లోపలికి దించాక, టీవీ తెర మీద తెల్లగా ఏదో కనిపించింది. డాక్టరమ్మ ముందు ఉలిక్కిపడింది, ఆ తర్వాత మండిపడింది.

"కొబ్బరి! ఇరుకు దగ్గర కొబ్బరిముక్క అడ్డంపడి ఉంది. ఏమీ తినలేదన్నారే!"

నోట్లో గొట్టం ఉంటే ఎవరు మాత్రం ఏం చెబుతారు? ఉదయశ్రీ చేతులు రెండూ జోడించి పైకి చూపించింది. దేవుడని చెప్పాలని ఆమె పాట్లు. క్షమించమంటోందని డాక్టరమ్మ అనుకుంది. సన్నటి చిమ్టాతో ముక్కను పట్టి ఓపికగా బయటికి లాగాల్సి వచ్చింది. లాగాక ఆ చోటు గీరుకుందేమోనని దగ్గరికి వెళ్ళి చూసింది. అక్కడ, ఇరుకుకు కాస్త పైన, మడతలో ఒక పాలిపోయిన గరుకుమచ్చ. మామూలుగా అయితే ఆ మడత వైపు కెమెరా తిరిగేది కాదు. అనుకున్నచోట్ల తీయాల్సిన ముక్కలు తీసి, ఎందుకైనా మంచిదని ఈ మచ్చ మీదనుంచి కూడా ఒకటి తీసింది.

కొన్ని వారాల తర్వాత ఫోనొచ్చింది. భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు. కృపమణి ఉదయశ్రీని సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి మొదట ఒక అద్దం ముక్క చూపించింది. లేతనీలం చుక్కలు బారులు తీరి ఉన్నాయి.

"ఇవన్నీ మీ కణాలే. బాగున్నాయి."

"నావే! ఏమండీ, మీరూ చూడండి, ఎంత ముద్దుగా ఉండాయో!" అని ఉదయశ్రీ భర్త చొక్కా పట్టుకుని లాగింది.

రెండో అద్దంలో బారులు లేవు. చుక్కలు ఒకదానిమీద ఒకటి ఎక్కి తొక్కిసలాడుతున్నాయి, చాలావాటిలో గోధుమరంగు నిండి ఉంది. ఈసారి ఆమె ఎవరినీ పిలవలేదు.

"ఇది కొబ్బరి కింద తీసిన ముక్క. మిగతావి అన్నీ శుభ్రంగా ఉన్నాయి" అంది కృపమణి మెల్లగా. "ఇది క్యాన్సర్ కాదక్కా. కానీ ఆ దారి పట్టినట్టుంది. రంగు ఒక్కటే అయితే నేను ఆపరేషన్ మాటే ఎత్తను, దాన్ని ఇంకా మేమే నేర్చుకుంటున్నాం. అయితే కణాల వరస కూడా బాగా చెడింది. పైగా మీ గొట్టం ఇరుకు, మాటిమాటికీ లోపలికి చూస్తూ కనిపెట్టుకుని ఉండడం కుదరదు. ఇంకోసారి ముక్క తీసి రూఢి చేసుకుందాం. అదే తేలితే, పాడైన గొట్టం తీసేసి, కడుపుసంచిని పైకి లాగి కొత్త దారి కట్టడం మంచిదని మా సర్జన్ అంటున్నారు. పెద్ద ఆపరేషనే. ప్రమాదం లేదని చెప్పను."

రెండోసారి కూడా అదే తేలింది.

రాఘవేంద్రప్రసాద్ గుండె జారిపోయింది. జబ్బు రాలేదని వాళ్ళే అంటున్నారు, మళ్ళీ ఛాతీ కోయాలని వాళ్ళే అంటున్నారు. రాని జబ్బుకు కోయించుకున్నవాళ్ళు మన బంధువుల్లో ఎవరున్నారని అడిగాడు. చివరికి, "అత్త సరే అంటే నేను సంతకం పెడతా. ఆయమ్మ కాదంటే నా చెయ్యి ఆడదు ఉదయా" అని తేల్చేశాడు. మర్నాడే ఉదయశ్రీ కోయిలకుంట్ల బస్సెక్కింది.

వెంకటలక్ష్మమ్మ అంతా విని, మహానంది వైపు తిరిగి దండం పెట్టింది.

"చూసినావా? అంత పెద్ద డాక్టరమ్మకు కనపడంది, స్వామి ప్రసాదం పోయి వేలు పెట్టి చూపించింది. చూపించినోడు మాన్పలేడా? ఇంకేంటికి కత్తి?"

"మాన్పాలనుంటే చూపించేదేంటికమ్మా? గమ్మున మాన్పేసేవాడు గదా! తీయించుకోమనే చూపించినాడు."

ఆ మాటకు వెంకటలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూలబడిపోయింది.

"ఆ పొద్దు గిన్నె గట్టు మీద పెట్టింది నేను. ఈ పొద్దు కోయించుకోమని చెప్పేది కూడా నేనేనా? నీకేమన్నా అయితే రెండుసార్లు నేనే చంపినట్టు కాదా తల్లీ?"

ఇన్నేళ్ళలో ఆ గిన్నె మాట వాళ్ళిద్దరి మధ్య రావడం అదే మొదలు. ఉదయశ్రీకి దుఃఖం పొంగుకొచ్చింది, దానితోపాటే చెప్పరాని బలం కూడా వచ్చింది. తల్లి పక్కన చేరి రెండు చేతులూ పట్టుకుంది.

"అమ్మా, నాకు భయమైతాంది. శానా భయమైతాంది. అయినా సంతోషంగా కూడా ఉండాది. ఆ పొద్దు మనకు ఎవరూ చెప్పలే, అది మంచినీళ్ళు కాదని. ఈసారి ముందే చెప్పినారు. చెప్పినంక కూడా ఊరకుంటే, ఆ తప్పు ఇంక ఎవరిదీ కాదు, నాది. నువ్వు నా పక్కనుండు, చాలు."

వెంకటలక్ష్మమ్మ లేచి ముఖం కడుక్కుని, పెట్టెలోంచి నాలుగు చీరలు తీసి సంచిలో పెట్టుకుంది.

"ఎన్నాళ్ళుండాల్సొస్తాదో ఆసుపత్రిలో. పద, పొద్దు పోతాంది" అంది.

ఆపరేషన్ పొద్దున మొదలై చీకటి పడేదాకా సాగింది. ఆ తర్వాతి రోజుల గురించి చెప్పాలంటే చాలా ఉంది. ఒంటినిండా గొట్టాలు, ఒకసారి జ్వరం, రాఘవేంద్రప్రసాద్ వరండాలో ఎవరు డాక్టరులాగా కనిపిస్తే వాళ్ళకు దండం పెట్టడం. చేయి ఎత్తే ఓపిక రాగానే ఉదయశ్రీ పక్క మంచంలోని ముసలమ్మకు పి53 కథ మొదలుపెట్టింది. ఆ పొద్దే ఆమె బతికి బయటపడిందని అందరికీ ధైర్యం కలిగింది.

నెల తర్వాత మళ్ళీ చూపించుకోవడానికి ముగ్గురూ వెళ్ళారు. కృపమణి కుర్చీలోంచి లేచి ఎదురొచ్చింది.

"తీసేసిన గొట్టాన్ని అంగుళం అంగుళం పరీక్షించారక్కా. ఆ మచ్చ నడిమధ్యలో ఆవగింజంత చోట క్యాన్సర్ మొదలైపోయింది! మనం తీసిన రవ్వలో అది దొరకలేదు. పై పొర దాటలేదు, ఎక్కడికీ పాకలేదు. గొట్టంతోపాటే మొత్తం బయటికి వచ్చేసింది. ఇంకో ఏడాది ఆగి ఉంటే..." డాక్టరమ్మ ఆ మాట పూర్తి చేయకుండా ఉదయశ్రీ చెయ్యి పట్టుకుంది. "ఇంక మీరు నమిలి ఏదైనా తినొచ్చు. కొంచెం కొంచెంగా."

రాఘవేంద్రప్రసాద్ అక్కడే, అందరి ముందూ, భోరున ఏడ్చేశాడు. వెంకటలక్ష్మమ్మ మాత్రం కదలకుండా నిలబడి, "ఆ కాలిన చోటు? అది కూడా పోయిందా అమ్మా?" అని అడిగింది.

"పోయింది పెద్దమ్మా. ఆ కాలిన గొట్టం మొత్తం తీసేశారు. ఇప్పుడు మీ కూతురి లోపల అది లేదు."

వెంకటలక్ష్మమ్మ ఆ మాటను మళ్ళీ చెప్పించుకుని వింది. ఆసుపత్రి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాక గాని ఆమెకు ఏడుపు రాలేదు. వచ్చాక ఆగలేదు.

ఉదయశ్రీ పక్కనే కూర్చుంది. తల్లి ముఖం వాడిపోతుందని, ఆకలి అనే మాటను ఆమె దగ్గర ఊహ తెలిసినప్పటినుంచీ ఈ పిల్ల ఎత్తి ఎరగదు. ఇప్పుడు తల్లి భుజం మీద తల పెట్టి, చిన్నపిల్లలాగా అడిగింది.

"అమ్మా, ఆకలైతాండాది."

వెంకటలక్ష్మమ్మ ఏడుపు ఆపి కూతురి ముఖంలోకి చూసింది.

"ఏం పెట్టమంటావు తల్లీ?"

"ఏదైనా పెట్టు. గట్టిది."