బొమ్మ ఒప్పుకోలేదండి

బుల్లియ్యకు బొమ్మలంటే ప్రాణమని లోకం అనుకునేది. అది తప్పు. బుల్లియ్యకు బొమ్మలంటే భయం. గోదావరి జిల్లాలో తోలుబొమ్మలాడించేవాళ్ళు ఎందరో ఉన్నారు గాని, తన బొమ్మల మాట జవదాటని మనిషి మాత్రం ఆయనొక్కడే. ఏ పని చెప్పినా ఆయన నోట ఒకటే జవాబు: "బొమ్మ ఒప్పుకోలేదండి."

భార్య పాపాయమ్మ పొయ్యి దగ్గర్నుంచి కేకేసేది. "ఏమయ్యా, నాలుగు పుల్లలు కొట్టుకురా, పొయ్యిలోకి లేవు."

"సేనాపతి ఒప్పుకోవట్లేదే. నేను లేకపోతే వాడికి తోచదట."

"అయితే వాణ్ణి కూడా తీసుకుపో!"

తీసుకుపోయాడు. పొద్దెక్కాక ఒక చంకలో సేనాపతి బొమ్మ, ఇంకో చంకలో రెండంటే రెండు పుల్లలు పెట్టుకుని తిరిగొచ్చాడు. "ఇంతకన్నా మొయ్యలేనన్నాడే వాడు" అన్నాడు, సేనాపతిని జాలిగా చూస్తూ.

ద్రాక్షారామంలో ఒకసారి రాక్షసుడి బొమ్మ చావనని మొరాయించింది. రాజకుమారుడు ఏడు బాణాలు వేశాడు. రాక్షసుడు పడి మళ్ళీ లేచాడు. జనం గోల. తెర పక్కనుంచి బుల్లియ్య తల బయటపెట్టి, "నన్నేం చెయ్యమంటారండీ? తన తప్పేంటో చెబితేగాని చావనంటున్నాడు" అన్నాడు. రాక్షసుడి తప్పులు తేల్చడానికి ఆ ఊళ్ళో పెద్దలు ఐదుగురు కూర్చోవలసి వచ్చింది.

ఆత్రేయపురంలో అయితే, పూతరేకులు పెడితేగాని యుద్ధానికి కదలనని రాజు బొమ్మ భీష్మించుకుంది. పెట్టారు. అవన్నీ బుల్లియ్యే తినేశాడు. అదేంటయ్యా అని అడిగితే, "ఆయ్, దానికి నోరుంది గాని పొట్ట లేదు కదండీ" అన్నాడు.

అలాంటి మనిషి ఆ ఏడు మాఘమాసంలో బండి కట్టుకుని ఇసకపాలెం వచ్చాడు. గోదావరి మీద ఆనకట్ట కట్టి ముప్పై ఏళ్ళు దాటిన రోజులవి. కాకినాడ రేవుకు రెండు కోసుల దూరంలో, కాలువకు ఇటు రైతుల ఊరు, అటు చేపలుపట్టేవాళ్ళ పల్లె. రెండింటికీ కలిపి తొమ్మిది రోజుల ఆట.

పల్లెలో అప్పాయమ్మ కూతురు తలుపులమ్మకు అప్పుడు పదిహేనేళ్ళు. అంతకుముందు రెండేళ్ళలో పిల్ల ఒకటే ఎదగడం. ఊళ్ళో మగవాళ్ళందరికన్నా జానెడు పొడుగైంది. రెండు సంబంధాలు వచ్చాయి. రెండుసార్లూ పెళ్ళికొడుకు తలెత్తి చూసి, తల దించుకుని వెళ్ళిపోయాడు. అట్లతద్దినాడు ఊయల దగ్గర స్నేహితురాలు చిన్నమ్మాయి, "నువ్వెక్కకే, నీ కాళ్ళు నేలని దున్నేస్తాయి" అంది. పిల్లలందరూ పడీపడీ నవ్వారు. తలుపులమ్మ కూడా నవ్వింది. ఇంటికెళ్ళి వలల గుట్ట వెనక కూర్చుని ఏడ్చింది. ఆ తరవాత ఆటలకు వెళ్ళడం మానేసింది.

అప్పట్నుంచి వంగి నడవడం నేర్చుకుంది. నెత్తిన గంప పెడితే నిటారుగా నడవక తప్పదు. అందుకని చేపల గంపను కూడా చంకన ఇరికించుకుని, వీపు వంచి, నేల చూపులు చూస్తూ తిరిగేది. "నడుం పడిపోతుందే!" అని తల్లి మొత్తుకున్నా వినేది కాదు.

అలాగే ఒక పొద్దున ఎండుచేపలు పట్టుకుని బొమ్మలవాళ్ళ బస దగ్గరికి వచ్చింది. బుల్లియ్య ఆమెను కాసేపు చూసి, తనూ వంగి నేలంతా వెతకడం మొదలుపెట్టాడు.

"ఏంటి తాతా, ఏం పోయింది?" అంది తలుపులమ్మ.

"నాదేం పోలేదమ్మా. నీదేదో పోయినట్టుంటే వెతుకుతున్నా."

పిల్ల మొహం ఎర్రబడింది. చేపలు అక్కడే పడేసి పరుగెత్తింది. ఇంకెప్పుడూ ఈ ముసలాడి మొహం చూడకూడదనుకుంది గాని, గంప మరిచిపోయింది. మర్నాడు రాక తప్పలేదు.

వచ్చేసరికి బుల్లియ్య రెండు మేకతోళ్ళు గీకి, అతికి, గోడకు ఆనించి అవస్థ పడుతున్నాడు. ఆయనసలే పొట్టి. పైకొస అందడం లేదు.

"అమ్మా, కాస్త ఈ తోలు పట్టుకో. కొత్త బొమ్మ గీయాలి."

పట్టుకుంది, వంగే.

"ఉహూ. నువ్వు వంగితే తోలు ముడత పడుతోందమ్మా. బొమ్మ ఒప్పుకోవట్లేదు."

"ఇంకా గీయనే లేదుగా, బొమ్మేంటి, ఒప్పుకోకపోవడమేంటి?"

"పుట్టకముందే మంకుపట్టు పట్టింది చూడు! ఇంకాస్త నిలబడు. ఇంకాస్త. ఆ... అదీ."

చాలాకాలానికి తలుపులమ్మ వీపు పూర్తిగా నిటారైంది. ఎముకలు పటపటమన్నాయి. తోలు వెనక దాక్కుని ఉంది కాబట్టి ఆమెకు సిగ్గనిపించలేదు. బుల్లియ్య బొగ్గుతో గీత గీసుకుని, "ఇంక వెళ్ళమ్మా" అన్నాడు. అంతే.

తొమ్మిదో రోజు ఆట. పొద్దు గుంకగానే ఆముదపు దీపాలు వెలిగించారు. తెల్ల తెర ముందు ఊరూ పల్లే కిక్కిరిసి కూర్చున్నాయి. ముందు వరసలో మునసబు చంద్రరావుగారు, పక్కన ఆయన భార్య మాణిక్యాంబగారు. అందరికన్నా వెనక, ఒదిగి ఒదిగి, తలుపులమ్మ.

కథ ఏడు దీవుల రాకుమారిది. మద్దెల మోగింది. తెరమీదికి రాకుమారి వచ్చింది. వస్తూనే ఉంది. పాదాలు వచ్చాయి, పట్టుచీర వచ్చింది, నడుం వచ్చింది, వడ్డాణం వచ్చింది, తల మాత్రం ఇంకా రాలేదు. చివరికి కిరీటం తెర పైఅంచుకు తగిలింది. జనం నోళ్ళు తెరిచారు. వరుడైన రాజుగారి బొమ్మ వచ్చి పక్కన నిలబడితే ఆమె భుజం దాకా కూడా రాలేదు.

"వంగవే రాకుమారీ, దండ వేస్తాను" అన్నాడు రాజు.

"నేనెందుకు వంగాలి? నువ్వే ఎక్కిరా" అంది రాకుమారి, పాపాయమ్మ గొంతుతో.

రాజు ముక్కాలిపీట తెచ్చుకున్నాడు. చాలలేదు. నిచ్చెన తెచ్చుకున్నాడు. సగంలో జారిపడ్డాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. తలుపులమ్మ తల కాస్త ఎత్తి చూసింది. వాళ్ళు నవ్వుతున్నది పొడుగుదాన్ని చూసి కాదు, పొట్టి రాజును చూసి! లోకంలో అలా కూడా నవ్వుతారా?

చంద్రరావుగారు మాత్రం నవ్వలేదు. పైకి లేచారు. "ఆపవయ్యా! ఆడది మగాడికన్నా పొడుగేంటి? రాజుకి మర్యాదేముంది? ఆ బొమ్మని కత్తిరించు!"

మద్దెల ఆగింది. బుల్లియ్య చేతులు కట్టుకుని బయటికి వచ్చాడు. "ఆయ్. బొమ్మ ఒప్పుకోదండి."

"అయితే అదే వంగి దండ వేయించుకోవాలి మరి."

"దానికీ ఒప్పుకోదండి."

"రేపట్నుంచి ఈ పరగణాలో నీ తెర లేవదు, జాగ్రత్త!"

"తెర లేవకపోతే పోయిందండి, బొమ్మ వంగకూడదు కదండీ."

"బొమ్మ, బొమ్మ! ఒప్పుకోనని అది చెప్పిందా? దానికి నోరుందా?"

"ఉందండి. తమరే అడగండి" అని బుల్లియ్య మళ్ళీ తెర వెనక్కి వెళ్ళిపోయాడు.

చంద్రరావుగారు పంతానికి పోయి నిజంగానే అడిగారు. "ఏమే, వంగుతావా లేదా?"

తెరమీద రాకుమారి కదల్లేదు. పాపాయమ్మ గొంతు ఎంతకీ పలకలేదు. ఎవరో కిసుక్కుమన్నారు. "చూశారా, దానికి నోరు లేదు" అంటూ చంద్రరావుగారు మీసం దువ్వుకున్నారు.

తలుపులమ్మ ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. లేవడం అంటే, మొత్తం లేచింది.

"వంగనండి!"

ఆ కేక కాలువ దాటి వినిపించింది. తెరమీద రాకుమారి అదే క్షణంలో చెయ్యెత్తి మునసబుగారికి వేలు చూపించింది.

"విన్నారు కదండీ" అన్నాడు బుల్లియ్య తెర వెనకనుంచి.

"అది బొమ్మ కాదు! వెనక ఆ పిల్ల అంది!"

"నలభై ఏళ్ళుగా ఆడిస్తున్నానండి. బొమ్మ మాటేదో పిల్ల మాటేదో నాకు తెలీదా?"

అప్పాయమ్మ మాట అందుకుంది. "బొమ్మే అంది. నా చెవులారా విన్నాను."

"అవునండి, బొమ్మే" అంది ఇంకో గొంతు. తలుపులమ్మ తిరిగి చూస్తే, చిన్నమ్మాయి. ఆ తరవాత పల్లె మొత్తం బొమ్మే, బొమ్మే అంది.

చంద్రరావుగారు భార్య వైపు తిరిగారు. "నువ్వైనా చెప్పవేం? ఎవరన్నారు?"

మాణిక్యాంబగారు లేచి నిలబడ్డారు. ముప్పై ఏళ్ళ కాపురంలో మొగుడి పక్కన ఆవిడ ఎప్పుడూ కాస్త తల వంచే నడిచేవారు. అది భక్తి అని ఊరంతా చెప్పుకునేది. ఇప్పుడు వీపు సరిచేసుకుని నిలబడేసరికి, మునసబుగారి తలపాగా ఆవిడ చెవి దగ్గర ఆగింది.

"బొమ్మే అందండి" అన్నారావిడ నెమ్మదిగా. "ఇక కూర్చోండి. వెనకవాళ్ళకి అడ్డం."

చంద్రరావుగారు తలెత్తి భార్యను చూశారు. కూర్చున్నారు. ఆట సాగింది. రాజు ఏనుగునెక్కి వచ్చి దండ వేసేదాకా ఆయన మళ్ళీ మాట్లాడితే ఒట్టు.

తెల్లవారి బొమ్మలవాళ్ళు సామాను సర్దుకుంటుంటే తలుపులమ్మ వెళ్ళింది. పాపాయమ్మ ఒక కాలు చాపుకుని, బొటనవేలికి పసుపు పట్టు వేసుకుంటోంది.

"ఏమైంది అవ్వా?"

"ఏమవుతుంది! రాత్రి మునసబుగారు అడగ్గానే నేను నోరు తెరవబోయా. ఈయన మడమతో నా వేలు తొక్కిపెట్టాడు. నువ్వు లేచేదాకా తియ్యలేదు." పాపాయమ్మ గొంతు తగ్గించింది. "బొమ్మలకి మంకుపట్టు అనుకుంటున్నావా? ఈయనకే అది. ఒక ఊళ్ళో కుంటి పిల్లాడుంటే అక్కడ రాజకుమారుడి బొమ్మ కుంటుతుంది. ఇంకో ఊళ్ళో మశూచికపు మచ్చల పిల్ల ఉంటే, అక్కడ రాణి మొహానికి మచ్చలు లేకపోతే ఒప్పుకోదు. మీ తరఫున తనే తగువుకు దిగితే ఊరు మిమ్మల్నే వేలెత్తి చూపిస్తుందట. అందుకని తిట్లన్నీ బొమ్మకి తగిలిస్తాడు."

"మరి బొమ్మ నాకన్నా జానెడు పొడుగుందేంటి? నన్నే కదా కొలిచాడు?"

"నీకన్నా పొడుగుదొకతి లోకంలో ఉండాలన్నాడమ్మా."

తలుపులమ్మ బండి దగ్గరికి నడిచింది. బుల్లియ్య మునివేళ్ళమీద నిలబడి, బొమ్మల బుట్టను బండి కప్పుమీదికి ఎక్కించలేక సతమతమవుతున్నాడు. ఆమె ఆ బుట్ట అందుకుని అలవోకగా పైన పెట్టింది.

"తాతా, అవ్వ అంతా చెప్పింది."

బుల్లియ్య గతుక్కుమన్నాడు. తాడు ముడి వైపు తీక్షణంగా చూస్తూ, "దాని మాటలు నమ్మకు. వట్టి అబద్ధాలకోరు. ఆ కొస కూడా బిగించమ్మా" అన్నాడు.

బిగించింది.

బండి కాలువగట్టు వెంట కదిలింది. సాగనంపడానికి వచ్చిన ఆడపిల్లలందరూ గట్టుమీద నిలబడి చేతులూపారు. కాసేపటికి రెల్లుపొదలు అడ్డం వచ్చి, బండి అందరికీ కనుమరుగైంది. తలుపులమ్మ మాత్రం ఇంకా చెయ్యి ఊపుతూనే ఉంది.

చిన్నమ్మాయి ఆమె మోచెయ్యి పట్టుకుని లాగింది. "నీకింకా కనిపిస్తున్నారా? ఏం చేస్తున్నారే?"

పిల్లలందరూ చుట్టూ మూగారు. తలుపులమ్మ ఇంకాస్త నిటారుగా నిలబడి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"అవ్వ తిడుతోంది" అంది. "తాత బుట్టలోంచి ఒక బొమ్మని తీసి ఆవిడకి అడ్డం పెట్టుకుంటున్నాడు."