మావయ్యగారి రెండో ఓటు

పొద్దున్న అయిదున్నరకి మా మావయ్యగారు భుజాన ఇత్తడి బిందె పెట్టుకుని వీధి మలుపు తిరిగేవారు. ఒంటిమీద నల్లకోటు ఉండేది. ఆ రోజుల్లో, అంటే ముప్పయ్యో దశకంలో, ఏలూరులో పెద్దింటి మగవాళ్లు నీళ్లు మొయ్యడమే వింత. మోసే మనిషి ఊరికి మునిసిపల్ చైర్మన్ కావడం మరీ వింత. మద్రాసులో ఆ పదవిని మేయరు అనేవారట. పేరు ఏదైనా ఆ పదవిలో ఉన్నవాడు ఏం చెయ్యగలడో, ఏం చెయ్యాలో అప్పుడు చాలామందికి తెలియదు. నాకు కొంచెం తెలుసు. ఎందుకంటే ఆ బిందె ఆయన భుజానికి ఎక్కడంలో నా చెయ్యి కూడా ఉంది (చెయ్యి కంటే కాళ్లు అనడం సబబు, అవి మోకాలిదాకా బురదలో ఉన్నాయి).

నేను అప్పుడే చదువు ముగించి, అత్తయ్యా మావయ్యల ఇంట్లో ఉంటూ, మునిసిపల్ ఆఫీసులో తాత్కాలిక గుమాస్తాగా చేరాను. మావయ్యగారి అరుగు పొద్దున్నే నిండిపోయేది. పక్కింటి కోడి తన దొడ్లో గింజలు తింటోందని ఒకాయన, అలిగి తణుకు వెళ్లిపోయిన భార్యని చైర్మన్ గారి ఉత్తరువు మీద రప్పించాలని ఇంకొకాయన. మావయ్యగారు అందరి మాటా విని, “నా చేతిలో ఉన్నవి మురుగుకాలవలు, వీధిదీపాలు, టీకాలు, కుళాయిలు అండీ. కాపరాలు లేవు” అనేవారు. కౌన్సిల్లో ఆయన తన ఓటు ఎప్పుడూ వేసేవారు కాదు. “చైర్మన్ తాసులో ముల్లు లాంటివాడు. ముల్లు వెళ్లి పళ్లెంలో కూర్చోకూడదు” అనేవారు. అయితే ఓట్లు అటూ ఇటూ సమానమైతే మాత్రం చైర్మన్ తనకున్న రెండో ఓటు వేసి తేల్చి తీరాలని చట్టం. అన్నేళ్లలో ఆయనకి ఆ అవసరం రాలేదు.

ఆ వేసవిలో వచ్చేలా ఉంది. కొత్తగా వేసే పైపు ఒక్క వీధికే వస్తుంది. మా వీధికా, కాలవ అవతలి పేటకా అన్నది తేలాలి. మా వీధి ఆడవాళ్లు దూరాన ఉన్న మంచినీళ్ల చెరువునుంచి మోసుకొచ్చేవారు. అత్తయ్యకి అప్పటికే మోకాళ్ల నొప్పులు. పేటవాళ్లు కాలవ నీళ్లు తాగేవారు, వేసవిలో కాలవ కట్టేశాక అడుగున చెలమలు తవ్వుకునేవారు. కౌన్సిలర్లలో మా వీధి వైపు ఒక్క ఓటు ఎక్కువుంది. ఆ ఒక్కాయన కొల్లేటికోటలో బావమరిది ఇంటికి వెళ్లి ఇంకా రాలేదు. మీటింగు ఆ సాయంత్రమే.

అత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచింది. “అబ్బాయ్, నువ్వెళ్లి ఆయన్ని తీసుకొచ్చెయ్యి. ఓటు మీ మావయ్యగారి చేతికొచ్చిందంటే మనకి కుళాయి లేనట్టే.”

“అదేంటత్తయ్యా, మావయ్యగారు మన వీధికే వేస్తారు కదా.”

“నువ్వు ఆయన దగ్గర పనిచేస్తున్నావు. నేను కాపరం చేస్తున్నాను” అంది అత్తయ్య.

నేను వెళ్లేసరికి కౌన్సిలరుగారు పీట మీద కూర్చుని ఉన్నారు. “చేపల పులుసు పొయ్యి మీదుందండి. దాన్నలా వదిలేసి రావడం ధర్మం కాదు కదండీ” అన్నారు. పులుసు ఉడికింది, చల్లారింది, మేం తిన్నాం (మేం అనే అన్నాను). దోనె ఎక్కేసరికి ఎండ వాలింది. వేసవి కొల్లేరు, నీళ్లు చీలమండ దాటవు. సగం దారిలో దోనె బురదలో కూరుకుపోయింది. గెడ వేసే పెద్దాయన, “ఒకరు దిగాలండి” అన్నాడు.

“కుర్రవాడివి, నువ్వు దిగవయ్యా” అన్నారు కౌన్సిలరుగారు.

“తమరు దిగితే దోనె బాగా తేలుతుందండి” అన్నాను నేను.

ఆయనకి కోపం వచ్చింది. కానీ కౌన్సిలు అలవాటు ఎక్కడికి పోతుంది? “అయితే ఓటు పెడదాం. నీదొకటి, నాదొకటి. సమానం. ఇక నువ్వే తేల్చవోయ్” అన్నారు దోనె పెద్దాయనతో.

ఆయన మా ఇద్దర్నీ తీరిగ్గా చూశాడు. “నాకు చూత్తే ఇద్దరూ బరువేనండి. ఇద్దరూ దిగండి.”

దిగాం. తోశాం. కౌన్సిలరుగారి చెప్పు ఒకటి కొల్లేటిలో ఉండిపోయింది.

మేం ఆ బురద కాళ్లతో ఆఫీసు మెట్లెక్కేసరికి మీటింగు ముగిసి, హెడ్ గుమాస్తాగారు కిటికీలు వేస్తున్నారు. ఓట్లు సమానమయ్యాయట. వాయిదా వేద్దామని ఎవరో అంటే మావయ్యగారు ఒప్పుకోలేదట. కాసేపు కళ్లద్దాలు తుడుచుకుని, “నా వీధికి నా చేత్తో కుళాయి ఇచ్చుకోలేను. మాకు చెరువుంది, వాళ్లకి చెలమ” అని పేటకి వేశారట.

అత్తయ్య ఏమీ అనలేదు. ఆ రాత్రే కాదు, పైపు వేసినన్నాళ్లూ అనలేదు. అన్నం వడ్డించేది, మజ్జిగ పోసేది, మాట్లాడేది కాదు. ఏదైనా చెప్పాలంటే నాతో చెప్పేది, ఆయన పక్కనే కూర్చుని ఉన్నా సరే. “మీ మావయ్యగార్ని ఇంకాస్త కూర వేసుకోమను” అనేది. ఆయన కూడా నాతోనే “చాలని చెప్పు” అనేవారు. చెరువుకి వెళ్లేటప్పుడు మాత్రం ఆయన ముందునుంచే, కొంచెం కుంటుతూ వెళ్లేది.

పేటలో కుళాయి తెరిచిన పొద్దున్న మావయ్యగారు కోటు తొడుక్కుని, వెళ్తూ వెళ్తూ వంటింట్లోంచి బిందె తీసుకున్నారు. కుళాయి తిప్పి, పక్కకి వచ్చి, వరస చివర బిందె పెట్టి నిలబడ్డారు. ముందున్న ఆడవాళ్లు బెంబేలెత్తి, “తమరు ముందు పట్టుకోండి బాబూ” అన్నారు. “చైర్మన్‌కి ఓటొకటి ఎక్కువమ్మా. వరసలో ఏమీ ఎక్కువ లేదు” అన్నారాయన. బిందె మోసే నేర్పు ఆయనకెక్కడిది? దారంతా తొణికింది. కోటు తడిసింది. గుమ్మంలోకి వచ్చి బిందె దించారు.

అత్తయ్య బిందెలోకి తొంగి చూసి, నా వైపు కాదు, తిన్నగా ఆయన వైపు తిరిగింది. “సగమే తెచ్చారేమండీ?” అంది.

మర్నాటి నుంచి రోజూ తెచ్చారు. పేట నీళ్లు ఇంట్లోకి ఎలా రానిస్తారని ఎదురింటివాళ్లు అడిగితే, “నీళ్లు పైపులోంచి వస్తున్నాయి, పేటలోంచి కాదు” అంది అత్తయ్య. పదవి పోయాక కూడా ఆయన మానలేదు. నేను మోస్తానంటే, “ఓటు నువ్వు వేశావా?” అనేవారు. పులుసు దగ్గర కాస్త తొందరపడి ఉంటే ఏమయ్యేదని చాలా కాలం ఆలోచించాను. మా వీధికి కుళాయి వచ్చేది, అంతే. ఇంత గుర్తుంచుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

మావయ్యగారు పోయి చాలా ఏళ్లయింది. అత్తయ్య పోయిన నెల వెళ్లిపోయింది. బిందె నా దగ్గరికి వచ్చింది. మొన్న పొద్దున్న, ఈ వయసులో, దాన్ని దొడ్లో కుళాయి కింద నింపి వంటింటిదాకా మోసి చూశాను. పట్టుమని పది గజాలు లేదు. సగమే మిగిలింది. అడిగేవాళ్లు లేరు.

కాలవ అవతలి పేటలో ఇప్పుడు ఇంటింటికీ నీళ్లొస్తున్నాయి. అక్కడ ఎవరూ వరసలో బిందె పెట్టి నిలబడడం లేదు.