నలభై ఏడో గడి

కళ్లజోళ్ల షాపులో వెనక గదిలో కూర్చుని, ఫ్రేముకి సరిపడా అద్దాలు అరగదీసి బిగించడం అతని పని. ఇరవై ఆరేళ్లుగా అదే మిషను, అదే స్టూలు. పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో అతనూ, అక్కా. అక్క బళ్లో సైన్సు ల్యాబు చూసుకునేది. ఆమెకున్న పిచ్చల్లా పిట్టలు.

ఆ తీరప్రాంతపు జిల్లాలో చలికాలంలో ఏ పిట్టలు ఎక్కడెక్కడ ఉంటున్నాయో చూడటానికి ఏటా ఒక సర్వే జరిగేది. జిల్లా మ్యాపుని గళ్లుగా గీసి, గడికొకరికి అప్పగించేవాళ్లు. డిసెంబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి వెళ్లి, రెండు గంటలు నిలబడి, కనిపించినవాటిని లెక్కపెట్టి ఫారం నింపాలి. అక్కది నలభై ఏడో గడి. బురదమేటలు, ఒక కాలవ, పొడుగ్గా ఒక కరకట్ట. ఒకసారి కట్ట మీంచి జారి మోకాలు చెక్కుకుపోయాక, తమ్ముణ్ణి తోడు తీసుకెళ్లడం మొదలుపెట్టింది. అలా పదకొండు చలికాలాలు. టెలిస్కోపులో అక్క చూసేది, చెప్పేది. తమ్ముడు రాసేవాడు.

"నూట ఇరవై ఉల్లంకులు. రాశావా?"

"రాశా. ఇంకెంతసేపే? కాళ్లు కొయ్యబారిపోయాయి."

"పిట్టలు నీ కాళ్ల కోసం లేచిపోతాయేంట్రా? ఏడు నీటికాకులు, రాయి."

ఆగస్టులో ఒక ఉదయం అక్క వంటింట్లో సింకు దగ్గర కూలబడింది. అతను అంబులెన్సుకి ఫోన్ చేశాడు, కుళాయి కట్టేశాడు, తలుపు తాళం వేశాడు. అన్నీ వరసగా, ఎవరో పక్కనుండి చెబుతున్నట్టు. మెదడులో మాటలుండే చోట రక్తం గడ్డకట్టిందని డాక్టరు చెప్పాడు. "ఆవిడకి అన్నీ అర్థమవుతాయి. మాటే రాదు," అన్నాడు. అతను తల ఊపాడు. డాక్టరు కళ్లజోడు ఎడమవైపు కొంచెం కిందికి జారి ఉంది. ఆ పూట మొత్తంలో అతనికి గుర్తుండిపోయింది అదొక్కటే.

ఇరవై రోజులకి అక్క ఇంటికొచ్చింది. కుడిచెయ్యి పట్టు తప్పింది. నోటివెంట ఒకే మాట మిగిలింది: "అదే." ఆకలేసినా అదే, కోపమొచ్చినా అదే. పొద్దున పక్కింటావిడ వచ్చి కూర్చునేది, అతను షాపుకెళ్లి అద్దాలు అరగదీసేవాడు. షాపు యజమాని భుజం మీద చెయ్యివేసి, "లోపల పెట్టుకోకయ్యా, ఒకసారి బయటికి ఏడిచేయ్," అన్నాడు. అతను సరేనన్నాడు. ఏడుపు కోసం లోపల వెతికాడు కూడా. అక్కడేమీ లేదు. పల్చటి నొప్పయినా లేదు.

నవంబరులో సర్వే మాస్టారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఫారాలన్నీ ఆయన దగ్గరికే చేరతాయి.

"విషయం తెలిసిందండీ. మీ గడి ఈసారి ఇంకెవరికైనా ఇచ్చేయమంటారా?"

"ఇచ్చేయండి," అన్నాడు అతను.

వెనకాల కుర్చీలోంచి, "అదే! అదే!" అంటూ అక్క ఎడమచేత్తో బల్ల మీద దబదబా బాదింది. గ్లాసు కిందపడి దొర్లింది.

"ఒక్క నిమిషమండీ," అన్నాడతను. "వద్దులెండి. మేమే చేస్తాం."

డిసెంబరులో టాక్సీ కట్టించుకుని కరకట్ట దాకా వెళ్లారు. మడతకుర్చీ వేసి అక్కని కూర్చోబెట్టి, టెలిస్కోపు ఆమె కంటి ఎత్తుకి దించాడు. ఆమె చూసింది. అతను పిట్టల బొమ్మల పుస్తకం పేజీలు తిప్పాడు. ఒకచోట వేలు పెట్టింది. తర్వాత మోకాలి మీద తట్టింది. తట్టుకి పది అని కాసేపటికి అర్థమైంది.

కానీ అతనికో అనుమానం పట్టుకుంది. బొమ్మ చూపించి "ఇదేనా?" అంటే "అదే" అంటుంది. ఆమెకి వేరే మాట లేదుగా! అందుకని ఒకసారి కావాలనే గుడ్లగూబ పేజీ తీసి, "ఇదేనా?" అన్నాడు.

అక్క అతనివంక ఎగాదిగా చూసింది. పుస్తకం లాక్కుని దాంతోనే అతని నెత్తిమీద ఒక్కటిచ్చింది.

నవ్వాల్సిన సంగతేనని అతనికి తెలుసు. "సరే, సరే," అని పేజీ తిప్పాడు.

ఎనిమిది రకాలు రాసుకున్నారు. తొమ్మిదోది ముక్కు కొస పైకి తిరిగిన ఉల్లంకి. ఒక్కటే. అక్క ఆ బొమ్మ మీద మూడుసార్లు వేలు పొడిచింది.

వారానికి మాస్టారు ఫోన్ చేశాడు. "ఆ తొమ్మిదోది ఈ జిల్లాలో చలికాలం ఇంతవరకు ఎవరూ రాయలేదండీ. ఫోటో ఉందా?"

"లేదు."

"మీరు చూశారా?"

"నేను రాస్తానండీ. చూసేది అక్క."

"ఆవిడ పరిస్థితి..." అని మాస్టారు ఆగాడు. "రెండో సాక్ష్యం లేకపోతే కొట్టేయాలండీ. అందరికీ ఒకటే రూలు."

"కొట్టేయండి," అన్నాడతను.

అక్క అంతా విన్నది. రెండు రోజులు అతనివైపు తిరగలేదు. గిన్నె అందిస్తే అందుకునేది, మొహం మాత్రం గోడకి. మూడోరోజు అతను ఆమె ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"నేను చూడలేదు కదే అక్కా. చూడంది చూశానని ఎలా చెప్పను? పదకొండేళ్లలో అందులోకి ఒక్కసారన్నా కన్ను పెట్టి ఎరుగుదునా?"

అక్క చాలాసేపు అతన్నే చూసింది. తర్వాత ఎడమచేత్తో టెలిస్కోపు సంచీ అతనివైపు తోసింది.

జనవరిలో వెళ్లినప్పుడు ముందు అతను చూశాడు. బూడిదరంగు బురద, దానిమీద బూడిదరంగు చుక్కలు. ఏది ఏదో తెలీలేదు. అక్క అతని గడ్డం పట్టుకుని కుడివైపు తిప్పింది. ఒక్కో పిట్టనీ అలాగే చూపించింది, అతను తప్పు పేజీ తీసినప్పుడల్లా చేతిమీద చరుస్తూ. రెండు గంటలు కాస్తా నాలుగయ్యాయి. తొమ్మిదో పిట్ట మళ్లీ కనిపించలేదు. సర్వే అయ్యాక మాస్టారు వేసిన మ్యాపులో ఆ పిట్ట పేరే లేదు.

అక్క కూలబడి ఏడాది తిరిగేసరికి ఆమెకి ఇరవై మాటల దాకా తిరిగొచ్చాయి. వాటిలో పిట్ట పేరు ఒక్కటీ లేదు. అతనికి మాత్రం పద్నాలుగు రకాలు గుర్తుపట్టడం వచ్చేసింది. ఆదివారాలు ఖాళీ దొరికితే కరకట్టకి ఒక్కడే వెళ్లొచ్చేవాడు. సంతోషంగా ఉందా అని షాపు యజమాని అడిగితే, "తెలీదండీ. వెళ్లకపోతే మాత్రం బాగోదు," అన్నాడు.

ఆ నవంబరులో మాస్టారు మళ్లీ ఫోన్ చేశాడు. పక్క గడి చూసేవాళ్లు మానేశారట. అదీ చూస్తారా అని అడిగాడు. అతను అక్కవైపు తిరిగాడు. అక్క తల ఊపింది.

"చూస్తాం. ఫారంలో ఇద్దరి పేర్లూ రాస్తానండీ," అన్నాడు. మర్నాడు పొద్దున్నే, ఆ గడిలో మడతకుర్చీ పట్టేంత దారి ఉందో లేదో చూడటానికి బయల్దేరాడు.