దుప్పటి కప్పిన బోర్డు

కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా ఇంటిల్లిపాదీ అంటారు. ఉంటుంది, కాదనను. ఆ రోజు మాత్రం నెత్తికెక్కింది. మహర్నవమి సెలవులు అయిపోయి బడి తెరవగానే పదో తరగతి పిల్ల ఒకతి తన ట్యాబ్ తెచ్చి నా బల్ల మీద పెట్టి, తల వంచుకుని నిలబడింది. ట్యాబ్ మీద ఇంతలావు కుంకుమ బొట్టు. ఛార్జర్ పెట్టే సందు నిండా ఎండిపోయిన పసుపు. ఎంత నొక్కినా వెలగలేదు.

తలుపుల మండలంలో ఒక పల్లె బడిలో నేను లెక్కలు చెబుతాను. ఆ పిల్ల ఇంటివాళ్లకు గొర్రెల మంద ఉంది. మేత కోసం మందను తోలుకొని బత్తలపల్లి దాకా పోతారు, పిల్లనూ వెంట తీసుకుపోతారు. వారాల తరబడి పాఠాలు పోతాయి. అందుకే లెక్కల వీడియోలన్నీ నేనే కూర్చుని ఆ ట్యాబ్‌లోకి ఎక్కించి ఇచ్చాను. మంద మేస్తుంటే చూసి నేర్చుకునేది. ఈసారి లెక్కల్లో తప్పితే బడి మాన్పించి గొర్రెల వెంటే ఉంచుతానని వాళ్ల నాయన తెగేసి చెప్పాడు.

సాయంత్రం వాళ్లింటికే పోయాను. వాకిట్లో అవ్వ కూర్చుని ఉంది. ఆయుధపూజ చేసింది తనేనట. అన్నం తింటున్నారా, గడ్డి తింటున్నారా అని ఆ ముసలామెను నోటికొచ్చినట్టు దులిపేశాను. ఆమె అంతా విని నెమ్మదిగా అంది:

"ఉన్ని కత్తెరకు పెడ్తిమి, కొడవలికి పెడ్తిమి. బిడ్డకు సదువు చెప్పేది ఇదే గదమ్మా. దీనికి పెట్టకుంటే తప్పు గాదా?"

వెనక్కి తిరిగాను. దారి పొడుగునా ఆ మాటే చెవుల్లో. ఆమె ఒక్కరోజు తెలియక చేసింది. మేం చేసేదేమిటి? పదో తరగతి గోడకు పెద్ద డిజిటల్ బోర్డు బిగించి రెండేళ్లయింది. ఆ రోజు నుంచి దాని మీద దుప్పటి. రిమోటేమో హెడ్మాస్టరు బీరువాలో. దుప్పటిని మాత్రం నెలకోసారి ఉతికిస్తాడు మహానుభావుడు! అడిగితే, ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్పాలి అంటాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నవ్వుతాడు. రెండు మూడుసార్లు అడిగి నేనూ ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున్నే బీరువా ముందు నిలబడ్డాను. ఆయన మళ్లీ అదే పాట ఎత్తుకున్నాడు.

"ఏమన్నా అయితే నా పేరు రాయండి సార్. తాళం ఇటివ్వండి" అన్నాను.

నా గొంతుకు వరండాలో పిల్లలంతా గుమిగూడారు. వాళ్లను చూసి ఇచ్చాడు.

రిమోట్ తీసుకుని తరగతికి పోయి, దుప్పటి పీకి అవతల పారేసి, ఆ పిల్లను పిలిచి స్విచ్ వేయించాను. తెర వెలిగింది. పాఠం రాలేదు. ఏ భాష కావాలో ఎంచుకోమని అడిగింది, తేదీ పెట్టమంది. గోడకెక్కిన నాటి నుంచి దాన్ని ఒక్కసారి కూడా ఎవరూ వాడలేదు.

పిల్ల తెలుగు మీద వేలు పెట్టి నా వైపు తిరిగింది.

"కొత్తది తెప్పిచ్చినారా మేడం?"

నేను తేదీ అంకెలు నొక్కడం మొదలుపెట్టాను. బోర్డును రోజూ వాడుతున్నామని నెలనెలా పైకి పంపే కాగితం మీద ఈ రెండేళ్లూ సంతకం పెట్టింది నేనే.