మగ్గం గుంత లోతు

నా చిన్నప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడిన సినిమా ఒక హాస్యచిత్రం. పక్కింటి అక్క నన్ను ఎమ్మిగనూరు నుంచి బస్సులో ఆదోనికి తీసుకుపోయి చూపించింది. ఇంటిల్లిపాదీ హాయిగా నవ్వుకోవచ్చని గోడపత్రిక మీద రాశారు. అలా రాసినవారి మీద నాకు ఈనాటికీ కోపం తగ్గలేదు. ఎందుకంటే ఆ సినిమా నడుమ ఒక ముసలాయన ఊబిలో దిగబడతాడు. మోకాళ్లు, నడుము, గొంతు వరుసగా మునిగిపోయి, చివరికి తలపాగా ఒక్కటే మిగులుతుంది. హాలంతా నవ్వింది. నేను అక్క కొంగులో ముఖం దాచుకున్నాను.

“నవ్వుల సినిమాకొచ్చి ఏడ్సేదాన్ని నిన్నే సూసినా పో!” అని అక్క దారిపొడుగునా ఎగతాళి చేసింది.

మా తాతయ్య నేతగాడు. ఆయనది గుంతమగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి, అంచున కూర్చుని నేసేవాడు. ఎదుట నిలబడినవారికి నడుము పైభాగమే కనిపించేది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే అయినా, మరునాటి పొద్దున ఆయన దిగబోతుంటే నాకు ఆ ఊబే కనిపించింది. ఏడుస్తూ ఆయన చేయి పట్టుకుని వదల్లేదు. అవ్వ కసిరింది. సినిమా అంతా ఉత్తదేనని అమ్మ చెప్పింది. నా ఏడుపు సినిమా గురించి కాదు, తాతయ్య గురించి. ఆ సంగతి ఒక్కరూ గ్రహించలేదు.

తాతయ్య మాత్రం నా పక్కన కూర్చుని, “యాడ భయమైతాంది పాపా?” అని అడిగాడు. గుంత రోజురోజుకూ లోతవుతుందని, ఒకనాడు ఆయన తలపాగా ఒక్కటే మిగులుతుందని చెప్పాను. ఆయన నవ్వలేదు. గజం కర్ర నా చేతికిచ్చాడు.

“రోజూ పొద్దున్నే నువ్వే కొలిచి రాయి. నువ్వు సరే అంటేనే దిగుతా.”

నోటుపుస్తకంలో ముప్పై అంగుళాలని రాశాను. మూడు రోజులు అదే వచ్చింది. నాలుగో రోజు ముప్పై ఒకటి. పుస్తకం తెచ్చి తాతయ్యకు చూపించాను.

“ఎల్లుండికి పెండ్లికోక ఇయ్యల్ల. పసిపిల్ల కొలతలకు మగ్గం నిలబెడతావా?” అని అవ్వ మండిపడింది.

తాతయ్య దిగలేదు. గుంతలోకి వంగి అడుగుభాగాన్ని వేళ్లతో తడిమి చూశాడు. “నువ్వు రాసింది నిజమే పాపా. ఈడ నా మడమలు రాసి రాసి నేల అరిగింది. నిన్నటిదాకా అడుగున అంచుకాడ కొలిచినావు, ఈ పొద్దు ఈడ కొలిచినావు. యాడ కొలిచినావో అది గూడా రాయల్ల.”

నన్ను గుంతలోకి దించాడు. పాదాల కింద మట్టి గట్టిగా, చల్లగా తగిలింది. రెండు చోట్లా మళ్లీ కొలిచి రాసి, పైకి వచ్చి, “దిగు తాతా” అన్నాను.

భయపడిన బిడ్డ మాటను విచారించకుండా కొట్టివేయరాదన్నది ఆనాటి నుంచి నా నియమం. మొన్న మా మనవరాలు పిల్లల బొమ్మల సినిమా చూస్తూ, ఒక పిల్ల సంతలో తప్పిపోయే చోట లేచి గదిలోంచి వెళ్లిపోయింది. అది బొమ్మేనంటూ పెద్దలందరూ నవ్వుతుంటే నాకు ఒళ్లు మండింది. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, భయమెక్కడో అడిగి, ‘సంతలో పిల్ల తప్పిపోయింది’ అని తేదీ వేసి రాసి, చదివి వినిపించాను.

“తప్పిపోలేదవ్వా. వాళ్లమ్మే చెయ్యి వదిలేసింది” అని దిద్దింది.

నేను రాసినది కొట్టివేసి, ఆ మాటే రాశాను.