ఒక్క పేరు కోసం మిరియాల నీళ్లు

గొంతు పోయిన మనిషి ప్రయాణం పెట్టుకోవద్దు. పెట్టుకుంటే ఏమయితదో చెప్పనీకే ఇది రాస్తున్న. ఆ దినమంతా నా నోట్లకెళ్లి ఒక్క తిట్టు బయటికి రాలేదు. కడుపుల దాచుకున్నయన్నీ ఇక్కడ పెడుతున్న, చదివేటోళ్లు జర ఓర్చుకోవాలె.

నేను బస్సు కండక్టర్ని. జడ్చర్లల ఉంటం. పొద్దున లేస్తే ఊర్ల పేర్లు ఒర్రుడే నా నౌకరి. ఎండలకు, దుమ్ముకు గొంతు పట్టుకుని, ఒకనాడు టికెట్ టికెట్ అంటుంటే అది కూడ రాకుండ బంద్ అయింది. దవాఖానల డాక్టరమ్మ చూసి, రెండు మూడు దినాలు గుసగుస కూడ మాట్లాడొద్దన్నది. బస్సుల ఉన్నోళ్లు సంతోషపడి ఉంటరు.

సరిగ్గ అప్పుడే నా తమ్ముని బిడ్డకు ఇరవయ్యొక్క దినాల పండుగ వచ్చింది. తమ్ముని పేరు శ్రీశైలం, శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ కాడ క్యాబ్ నడుపుతడు. వాని భార్య మంజులది శంషాబాద్ పక్కనే ఊరు, పుట్టింట్లనే కాన్పయింది. మా దగ్గర బిడ్డను తొట్టెల్ల వేసి పేరు పిలిచేది మేనత్త. చెవుల మూడుసార్లు, ఆ తర్వాత అందరికీ వినపడేటట్టు ఒకసారి. ఆ బిడ్డకు మేనత్తను నేనొక్కదాన్నే. పెడుతున్న పేరు సుగుణ. అది మా అమ్మ పేరు, అమ్మ పోయి మూడేండ్లయితుంది. కన్నతల్లిని ఎవరన్న పేరు పెట్టి పిలుస్తరా? ఆ పేరు నా నోట్ల ఎన్నడూ పడలేదు. మొదటిసారి పడాల్సిన దినమే గొంతు గిట్ల పగబట్టింది.

పొద్దుగాల నాలుగున్నరకు లేచి అమ్మ చేసినట్టే మిరియాల నీళ్లు కాసిన. మిరియాలు, శొంఠి కచ్చాపచ్చాగ దంచాలె. మెత్తటి పొడి వేస్తే గొంతును ఇంకింత గీరుతది. చిటికెడు వాము, గుప్పెడు తులసాకు వేసి, చెంబెడు నీళ్లు గిలాసెడు అయ్యేదాక సన్న మంట మీద మరగనియ్యాలె. దించినంక తాటిబెల్లం. పాలు పొయ్యొద్దు. ఫ్లాస్కుల పోసుకుని బిర్ర మూత పెట్టి, బిడ్డ కోసం కొన్న గౌను పక్కన సంచిల పెట్టిన.

ఆరు దాటినంక రైలు. మా జడ్చర్ల నుంచి శంషాబాద్ పోవాలంటే బస్సు కంటె రైలే సుఖం, ఉందానగర్‌ల దిగితే చాలు. బస్సు కండక్టర్నయ్యుండి ఈ మాట చెప్తున్ననంటే నమ్మండి. కిటికి పక్కన ఒకాయన తన సంచికి ఒక సీటిచ్చి, తనొక సీట్ల కూసున్నడు. నా బస్సుల అయితే ఆ సంచికి టికెట్ కొట్టేదాన్ని. చెయ్యితోని సైగ చేసిన. ఆయన నన్ను ఎగాదిగా చూసి, పాపం మూగామె అని పక్కాయనతోని అని, సంచి తీసి ఒళ్లె పెట్టుకున్నడు. నా ఒళ్లంత మండింది. గొంతు చూపించి, జలుబన్నట్టు తుమ్మి చూపించిన. అంతే, ఇగ డబ్బంత వైద్యం మొదలుపెట్టింది. ఒకామె ఉప్పునీళ్లు పుక్కిలించమన్నది. ఒకాయన ఉప్పు వద్దు, కరక్కాయ బుగ్గల పెట్టుకొమ్మన్నడు. సంచాయన ఐస్‌క్రీం తింటె వేడి వేడిని కొడుతదన్నడు. ఆయన కడుపు సల్లగుండ, ఏ బళ్లె చదివిండో. నోరున్నదాన్నయితే షాద్‌నగర్ వచ్చేలోపల ముగ్గురినీ దించేదాన్ని.

షాద్‌నగర్ దాటినంక మూత తీసి తాగుదామని సంచిల చెయ్యి పెట్టిన. తడి తగిలింది. ఫ్లాస్కు మూత వదులయి మిరియాల నీళ్లన్నీ గౌను పాలయినయి. తెల్లటి గౌను టీ గుడ్డ రంగుకు వచ్చింది. ఆ ఫ్లాస్కు అమ్మినోడు మూత తలకిందులు చేసి మరీ చూపించిండు, చుక్క కారదు అక్కా అని. వాని దుకాణం మా రూటు మీదనే ఉంది, వాని సంగతి తర్వాత.

ఉందానగర్‌ల దిగే సరికి ఎనిమిది కావస్తుంది. స్టేషన్ బయట షేర్ ఆటోలుంటయి, శంషాబాద్ సెంటర్ దాక తీస్కపోతరు. అక్కడ ఒక చాయ్ బండి కాడ ఆగి, అల్లం చూపించి, మిరియాల డబ్బ చూపించి, పాలగిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టి వద్దన్న. చాయ్ ఆయన అర్థమయిందని తల ఊపి, పాలు ఇంకింత ఎక్కువ పోసి ఇచ్చిండు. పాలు వద్దంటె పాలు తక్కువయినయని అనుకున్నడట. తాగుతే గొంతుల జిగట పట్టింది.

అక్కడి నుంచి ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద ఒక పెద్ద హోటలు కనపడింది. అద్దాల తలుపులు, లోపల చలి. అసుంటి తావుల వేడినీళ్లన్న దొరుకుతయని పోయిన. ఫోనుల టైపు చేసి చూపించిన, మిరియాలు శొంఠి కాసి ఇయ్యమని. అదే మా దగ్గర స్పెషల్ అని కూసోబెట్టిండ్రు. వచ్చింది ఏంది? గోరువెచ్చటి నీళ్లు, అండ్ల నిమ్మకాయ బొమ్మ ఉన్న కాగితం సంచి. వేలెడు దారానికి కట్టి ముంచిండ్రు. మిరియం గింజ మొహం చూడలేదు. బిల్లు మాత్రం ఘాటుగ ఉంది. ఈ దారిల పోయేటోళ్లకు చెప్తున్న, ఆ అద్దాల తలుపులు చూసి మోసపోవద్దు.

పదింటికి శ్రీశైలం వచ్చి ఎక్కించుకున్నడు. నా మొహం చూసి, ఏమయింది అక్కా అన్నడు. గొంతు చూపించిన. నిన్న ఫోనుల మెసేజ్ పెట్టిన కదా, వాడు అది తమాషా అనుకున్నడట. అక్కకు గొంతు పోవుడేంది అని నవ్వుకున్నడట ఇంటిల్లిపాది. మంచి పేరే సంపాదించిన.

మంజులోళ్ల ఇల్లు ఒకప్పుడు జొన్నచేను నడుమ ఉండె. ఇప్పుడు చుట్టూ ప్లాట్లు, హద్దురాళ్లు, గోదాముల రేకులు. ఇంటి ముందటి ఖాళీ ప్లాటుల షామియానా వేసిండ్రు. తొట్టెలకు పూలు కట్టిండ్రు. నెత్తి మీదకెళ్లి విమానాలు పోతనే ఉంటయి. అక్కడోళ్లు మాట నడుమ ఆపి, విమానం పోయినంక ఆపిన కాడికెళ్లే అందుకుంటరు. కొత్తోళ్లకు పిచ్చి లేస్తది.

నన్ను చూడంగనే చెవుల వైరు పెట్టుకున్న ఒకాయన ఎదురొచ్చిండు. పండుగ నడిపిస్తనని అత్తాపూర్ నుంచి వచ్చిన ఈవెంటాయన. శ్రీశైలం ఆయనకు నా గొంతు సంగతి చెప్పిండు. ఆయన మొహంల పరేషానే లేదు.

"కంగారు పడకండి మేడమ్. మైకు దగ్గర పెట్టుకుని పెదవులు కదిపితే చాలు. పేరు మేం ట్రాక్‌లో వేస్తాం. మంచి లేడీ వాయిస్ ఉంది."

మా అమ్మ పేరు. ఎవరో మొహం తెలువని ఆమె గొంతు స్పీకర్ డబ్బలకెళ్లి వస్తదట, నేను చేపలాగ నోరు తెరిచి మూస్తె చాలట. నమూనాకు అని ఆయన పక్కనున్న డీజే ఆయనతోని ఒకసారి వేయించబోయిండు. పెట్టె మీద వేలు పెట్టంగనే నా సంచిల చెయ్యి పెట్టి ఈల తీసిన. బస్సు రివర్స్ కొట్టేటప్పుడు ఊదే ఈల, ఏడికి పోయినా సంచిలనే ఉంటది. ఒక్క ఈల అంటే ఆగు. ప్లాటంత వినపడేటట్టు ఊదిన. డీజే ఆయన చెయ్యి వెనక్కి తీసిండు. వంటాయన గరిటె ఆపిండు. రోడ్డు మీద పోయే ఒక ఆటో కూడ ఆగింది.

ఇగ వంటోళ్ల కాడికి పోయిన. పొయ్యిలన్నీ బగారన్నానికి, మటనుకు నిండుగున్నయి. ఒక్క గిన్నెకు జాగ ఇయ్యమని చేతులు జోడించిన. పన్నెండున్నరకు పేరు, ఒంటిగంటకు బంతి, ఇప్పుడు మంట ఇచ్చేది లేదన్నడు పెద్ద వంటాయన. మిరియాలు అడిగితే ప్యాకెట్ పొడి చూపించిండు. ఇల్లంత మసాల వాసన, నా గొంతుకు చుక్క లేదు. ఏడుపు వచ్చేటంత కోపం వచ్చింది.

బాలింత అర్రల మంజుల బిడ్డను పక్కల వేసుకుని కూసుంది. అన్నీ వింటనే ఉన్నది. నేను పోయి ఎదురుంగ కూలబడి, గొంతు పట్టుకుని లేదన్నట్టు తల ఊపిన. గూట్ల ఆమె కాయం డబ్బ ఉంది. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము వేయించి దంచి, పాతబెల్లం కలిపి బాలింతకు పొద్దున ఒక ఉండ పెడతరు. ఇంకా బెల్లం కలపని దంపు పక్క సీసాల ఉంది. ఇంట్ల మంచి సరుకంటే అదే. నా చూపు అటు పోవుడు చూసి, ఇంట్ల పొయ్యి మీద నేనే కాసిస్త అని మంజుల సీసా అందుకోబోయింది, అది ఆమె తల్లి చూసింది. అత్తమ్మ మంచిదే కానీ పట్టింపు మనిషి. బాలింత మందు ఇంకొకరు తాగొద్దు, బాయి పూజ కాందే బాలింత పొయ్యి ముట్టొద్దు, నేను వేరే తెప్పిస్త అన్నది. ఎవరిని పంపుతది? మగోళ్లంత కుర్చీలు మోస్తుండ్రు.

మంజుల లేచి నిలబడ్డది.

"అయితే బాయి పూజ ఇప్పుడే చేస్త. నా బిడ్డ పేరు డబ్బలకెళ్లి వినాల్నా అమ్మా?"

ఈవెంటాయన పరుగెత్తుకొచ్చి, బాయి పూజ భోజనాల తర్వాత పెట్టుకున్నం, ఫొటోల వాళ్లు ఇంకా రాలేదన్నడు. మంజుల ఆయన మొహం కూడ చూడలేదు. పసుపు, కుంకుమ పళ్లెంల పెట్టుకుని, కొంగు నెత్తి మీద వేసుకుని బయటికి నడిచింది. వాళ్ల బాయిని పూడ్చి ప్లాటు చేసిండ్రు, ఇప్పుడు పూజ బోరు నల్లకే. నల్లకు పసుపు రాసి, బొట్టు పెట్టి, గుగ్గిళ్లు పెట్టి మొక్కింది. మోటరు వేసిండ్రు. బుస్సుమని గాలి వచ్చి, తర్వాత నీళ్లొచ్చినయి. పూజ అయినంక పట్టిన మొదటి చెంబు నీళ్లు దేవుని కాడ పెడతరు. మంజుల ఆ చెంబు పట్టుకుని తిన్నగ వంటింట్లకు పోయింది. అత్తమ్మ అడ్డం రాబోయి, ఏమనుకున్నదో, జరిగి తొవ్వ ఇచ్చింది. సీసా మూత కూడ ఆమెనే తీసి ఇచ్చింది.

నేను పీట మీద కూసుని చేతులతోని చెప్పిన, మంజుల చేసింది. దంపు ఇంత, వద్దు ఇంకింత. తులసాకు తుంచకుండ ఎయ్యి. మంట తగ్గించు. నీళ్లు నల్లబడి, ఘాటుకు ఇద్దరికీ కండ్లల్ల నీళ్లొచ్చినయి. పన్నెండు దాటింది. బయట మైకుల ఈవెంటాయన గెస్టులు, గెస్టులు అని ఒర్రుతనే ఉన్నడు. అక్కరలేని మాటలకు ఎంత గొంతో ఆయనకు. మంజుల పాతచీర ముక్కల వడగట్టి, తాటిబెల్లం వేసి ఇచ్చింది. గుటక గుటకకు ఆగి తాగిన. రెండో గుటకకు గొంతుల ఏదో ముడి ఇడిసినట్టయింది. అచ్చం అమ్మ చేతి ఘాటు. మాట్లాడి చూడు వదినా అన్నది మంజుల. చూడనన్నట్టు తల ఊపిన. ఎన్ని మాటలున్నయో ఎవరికి తెలుసు, ఒక్కటి కూడ దుబారా చేసేది లేదు.

షామియానా కిందికి పోయిన. ఈవెంటాయన మైకు పట్టుకొచ్చిండు, చెయ్యితోని పక్కకు జరిపిన. బిడ్డను తొట్టెల్ల వేసిన. పాత మెత్తటి పంచె గుడ్డల చుట్టి ఉంది, నేను తెచ్చిన గౌను ఎండల ఆరుతుంది. చిన్న చెవి కాడికి వంగి మూడుసార్లు చెప్పిన. గాలి వచ్చింది, దాని వెనకనే మాట వచ్చింది. బిడ్డ కండ్లు తెరిచి అటిటు చూసింది.

అందరికీ వినపడేటట్టు పిలవాల్సింది ఇగ ఒక్కటి. లేచి నిలబడి నోరు తెరిచిన. అప్పుడే విమానం. నెత్తి మీదనే, గోదాం రేకులు అదిరేటట్టు. ఇప్పుడు పిలిచిన్నంటే అది మింగేస్తది, మళ్ల పిలవనీకే నా దగ్గర ఇంకో మాట లేదు. నోరు మూసుకున్న. ఈవెంటాయన డీజే ఆయనకు సైగ చేస్తున్నడు, ట్రాక్ వెయ్యమని. మంజుల తండ్రి కుర్చీలకెళ్లి లేవకుండనే చెయ్యి ఎత్తిండు. ఆ ఊరోళ్లకు అలవాటే కదా, అందరు మాట ఆపి కూసున్నరు. వంద మంది దాక ఉంటరు, ఒక్కరు కదలలేదు. ఆ చప్పుడు సన్నగయి, సన్నగయి, పహాడీ షరీఫ్ దిక్కు పోయింది.

"సుగుణా."

గరగరగ వచ్చింది, కానీ వెనక వరుస దాక పోయింది. శ్రీశైలం మొహం తిప్పుకున్నడు. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఈవెంటాయనకు ఇయ్యాలని దాచుకున్న తిట్లన్నీ నాలిక మీదనే ఉన్నయి, కానీ గొంతు అంతటితోనే మళ్ల బంద్ అయింది. ఆయన నసీబు.

సాయంత్రం ఆరింటికి ఉందానగర్‌ల తమ్ముడు రైలెక్కించిండు. పొద్దున కారిన ఫ్లాస్కునే మంజుల మూతకు గుడ్డ చుట్టి, గట్టిగ బిగించి నింపి పంపింది. తిరుగు రైల్ల కూడ ఒకాయన రెండు సీట్ల మీద కాళ్లు చాపుకుని ఉన్నడు. లోకం నా గొంతు కోసం ఆగి బాగుపడదు. ఆయన కాళ్ల మీదనే కూసున్న, తీసిండు.

ఎదురుంగ ఒక ముసలామె ఏడికెళ్లి వస్తున్నవు బిడ్డా అని అడిగింది. తొట్టె ఊపినట్టు చెయ్యి ఊపి చూపించిన. పేరేం పెట్టిండ్రు అన్నది. ఫ్లాస్కు తీసి ఒక గుటక తాగి, సుగుణ అన్న. ఆమెకు వినపడలే. నాకు వినపడ్డది.

ఇన్నేండ్లు ఊర్ల పేర్లు ఒర్రిన, అన్నీ దిగిపోయేటోళ్ల కోసమే. కొత్తగ ఎక్కే చిన్నదాని కోసం ఒక పేరు పిలిచింది గిదే మొదలు.