కుర్రు మీద పడవ

మొన్న జగిత్యాల ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. గోదావరి డెల్టాకు వరద ముప్పు ఎంత ఉందో కొత్తగా అంచనా వేస్తున్నారట. ఎగువన మా ప్రాంతంలో నేను నింపిన పాత ఫారాలు ఒకసారి సరిచూడమన్నారు. రిటైరైనవాడికి పని దొరికిందని సంబరంగానే వెళ్లాను. మూడో ఫారంలో 'పడవ' అన్నచోట 'ఉంది' అని నా టిక్కు కనిపించింది.

ఆ ఫారం మా చిన్నత్తది. నా భార్యకు పిన్ని. గోదావరి నడుమ మేట వేసిన దిబ్బను మావైపు కుర్రు అంటారు. అక్కడ కౌలుకు మక్కజొన్న వేసుకుని, రెండు బర్రెలతో గుడిసెలో ఉండేది. నెల వాన ఒక్క పూటలో పడే రోజులొచ్చాయి గనుక, కుర్రుల మీద ఉండేవాళ్లకు బయటపడే దారి ఉందో లేదో రాసుకురావడం నా పని. నేను వెళ్లింది మాత్రం అల్లుడిగా. ఒడ్డున పడవ సిద్ధం, అవతల నాటుకోడి కూర, కల్లు. బర్రెలు కూడా మర్యాదగా పక్కకు జరిగాయి.

తిన్నాక ఫారం తీసి 'పడవ' దగ్గర టిక్కు పెడితే చిన్నత్త నవ్వింది. "అల్లుడా, గా పడవ మాది కాదు. నువ్వొస్తున్నవని పక్కూర్ల చాపలు పట్టేటోల్లను బతిమాలి తెప్పిచ్చిన. మాకు థర్మాకోల్ తెప్పనే దిక్కు. నువ్వెక్కితే అది మునుగుతది."

"రాస్తలే అత్తా" అన్నాను.

"రాయి మరి. ఎనకట నీళ్లు ఎర్రవడ్డంక రెండు రోజులకు పెరిగేటియి. గిప్పుడు ఎర్రవడుడు, పెరుగుడు ఒక్కటేసారి."

టిక్కు అప్పటికే పెట్టేశాను. కొట్టివేతలుంటే పైవాళ్లు ఒప్పుకోరేమో, కొత్త ఫారం కోసం సారంగాపూర్ దాకా పోవాలి. కడుపు నిండినవాడికి అది చాలా దూరం.

రెండు నెలలకు నది కుర్రును కప్పేసింది. పడవలు ఎక్కడెక్కడికి పంపాలో నా ఫారాలు చూసే జాబితా చేశారు. అందులో ఆ కుర్రు లేదు. అక్కడ పడవ ఉంది కదా. చిన్నత్త మోటరు గది రేకుల మీద రెండు రోజులు కూర్చుంది. చివరికి ఆ పక్కూరివాళ్లే, ఎవరూ పంపకుండా వచ్చి, ఒడ్డుకు చేర్చారు. బర్రెలు పోయాయి.

వెళ్లి, తప్పు నాదేనని చెప్పాను. ఆమె తిట్టలేదు. "నేను చెప్తే ఇన్నవనుకున్న అల్లుడా" అంది, అంతే. మళ్లీ కుర్రుకు పోలేదు. కోరుట్లలో బీడీలు చుట్టుకుంటూ బతికి, అక్కడే పోయింది.

మొన్న ఆ టిక్కు కొట్టేసి పక్కన 'లేదు' అని రాయడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు. ఆ రోజు రాసినా అంతే పట్టేది.